నలభై ఒకటో బండి

గరుసు తోలే బండివాడు దొంగ. ఇందులో వాదించేదేమీ లేదు. బండి మీద బాటకు పరిచే గరుసురాళ్ళు గోపురంలా లేచి కనిపిస్తాయి. అడుగున ఏముందో దేవుడికీ బండివాడికీ తప్ప మూడోవాడికి తెలియదు. నల్లదిన్నె ఓబుళరెడ్డి ఈ సంగతి తేల్చుకుని ఊరుకోలేదు, నలుగురికీ చెప్పాడు. ఆ నలుగురిలో ముగ్గురు బండ్లు తోలేవాళ్ళే. అందరిలోకీ గఫూర్ పెద్ద దొంగ అన్న సంగతి కూడా అతను తేల్చిందే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో వేసవిలో అతనికి గరుసుతో పని పడింది. నల్లదిన్నె జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డు పక్కన ఉంది. ఓబుళరెడ్డి ఇల్లు రోడ్డు నుంచి కనిపిస్తుంది కాని రోడ్డు మీద లేదు. మధ్యలో యాభై గజాల నల్లరేగడి. ఎండాకాలం అది కాలు పట్టేటంత నెర్రెలిస్తుంది. వాన పడితే బండి చక్రాన్ని ఇరుసు దాకా మింగుతుంది. మూడేళ్ళ కింద శ్రావణంలో అతని భార్యకు కడుపులో నొప్పి లేస్తే ఆసుపత్రికి తీసుకుపోదామని బండి కట్టించాడు. రోడ్డు కళ్ళ ముందు కనిపిస్తుండగానే బండి దిగబడింది. ఎద్దులు దాన్ని పైకి లాగేసరికి ఆసుపత్రితో పని లేకపోయింది. ఆ బండి గఫూర్‌ది.

ఇప్పుడు కూతురు కృష్ణమ్మకు తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. తల్లి లేకపోయినా ఆ పుట్టిల్లు పుట్టిల్లే, మేనత్త గురవమ్మ ఉంది. కాని ప్రొద్దుటూరులో కృష్ణమ్మ అత్త వనజమ్మ అడ్డం తిరిగింది.

"అన్నా, మీ ఇంటి ముందర బురద ఏం చేసిందో నాకు తెలుసు. నా కోడలు నొప్పులు పడేటప్పుడు మీరు ఎద్దులను అదిలిస్తా కూర్చుంటే కుదరదు. కారు మీ గడప కాడికి వచ్చిననాడు పిల్లను పంపుతా. వచ్చే గురువారం నేనే కారేసుకుని వస్తా. కారు రోడ్డు మీదనే నిలబడిపోయిందా, పురుడు మా ఇంట్లోనే" అంది.

ఆమె కోరేది కారు రావడం కాదు, రాకపోవడం అని ఓబుళరెడ్డి పసిగట్టాడు. పసిగట్టి, బాట వేయిస్తానని మాట ఇచ్చి వచ్చాడు.

మరునాడు పొద్దున్నే గఫూర్‌ను పిలిపించాడు. గఫూర్ నలభై దాటిన మనిషి. పొడుగు, నోరు ఊరుకోదు. ఇద్దరూ కలిసి మోకుతాడు పట్టి రోడ్డు నుంచి గడప దాకా కొలిచారు. పొడవు యాభై గజాలు. వెడల్పు, కారుకు రెండు వైపులా చెయ్యెడు చోటు వదిలి ఎనిమిది అడుగులు. మందం జానెడు. జానెడంటే ఎవరి జాన అన్న దగ్గర కాసేపు తగవైంది. గఫూర్ చెయ్యి పెద్దది, కాబట్టి అతని జానతో కొలిస్తే గరుసు ఎక్కువ పడుతుందని ఓబుళరెడ్డి ఒప్పుకోలేదు. చివరికి గురవమ్మ చెయ్యి పెట్టించారు.

"మీ మగోళ్ళకు చేతులు లేవా? నాకు తడిపిన పిండి ఆరిపోతాంది" అని ఆమె విదిలించుకుని వెళ్ళింది.

గఫూర్ నేల వైపు చూస్తూ లెక్క కట్టాడు. "రెడ్డప్పా, నలభై బండ్లు పడుతుంది. ఇంకా ఒగ బండి. నలభై ఒకటి."

"నలభై అను, లేకుంటే యాభై అను. ఈ ఒకటేందిరా?"

"అది పడుతుంది."

"యాడ పడుతుంది?"

"పడుతుందిలే అప్పా. దాన్ని నేను చూసుకుంటా" అని గఫూర్ పక్కకు తిరిగి ఎద్దు గంగడోలు నిమరసాగాడు.

ఓబుళరెడ్డికి అదే చాలు. గుండ్రటి లెక్క చెప్పేవాడు బద్ధకస్తుడు. ఒకటి ఎక్కువ చెప్పి మొహం తిప్పుకునేవాడు దొంగ. "నలభై" అన్నాడు. "నలభై మీద ఒక్క గంప వచ్చినా వెనక్కి తోలుకుపో." గఫూర్ తల ఊపాడు. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడా అని ఓబుళరెడ్డికి ఆ పూటంతా అన్నం సయించలేదు.

ఊరవతల తిప్ప అనే గుట్ట మీద నుంచి గరుసు రాసాగింది. ఎర్రటి గులకరాళ్ళు, బాగా పట్టే రాయి. ప్రతి బండి దగ్గరా ఓబుళరెడ్డి ముల్లుకర్ర పట్టుకుని నిలబడ్డాడు. కర్రను గరుసులో నిలువునా గుచ్చేవాడు. అడుగున గడ్డి ఉందా, మోదుగ మండలు ఉన్నాయా అని పరీక్ష. బండివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండో రోజు గఫూర్ బండిలో కర్ర మెత్తగా దిగింది.

"దొరికినావు! గడ్డి పెట్టినావు గదరా?"

గఫూర్ గరుసులో చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట బయటికి తీశాడు. నడిమధ్య బొక్క పడి ఉంది. "గడ్డి గాదప్పా, నా జొన్నరొట్టె. కాకులకు భయపడి ఈడ దాచిపెడితిని. కాకులే నయం, అవి అంచునుంచి తింటాయి."

బండ్లవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఓబుళరెడ్డికి నచ్చలేదు. రొట్టె ఒక్కటే ఉందో, దాని చాటున ఇంకేదైనా ఉందో చూడటానికి మరో రెండుచోట్ల గుచ్చాడు. ఆ సాయంత్రం నుంచి మిగిలిన బండ్లవాళ్ళు రావడం మానేశారు. ఆ నలభై బండ్లలో చివరి సగం గఫూర్ ఒక్కడే తోలాడు.

గరుసును నేరుగా బాటలో పరిచేస్తే తీరిపోయేది. కాని పరిచిన గరుసును ఎవరు లెక్కపెడతారు? మొత్తం చేరి, తన కళ్ళతో లెక్క చూసుకున్నాకే పరచాలని ఓబుళరెడ్డి పట్టుబట్టాడు. కాబట్టి గరుసంతా రోడ్డు అంచున కుప్పలుగా పడింది. కుప్పలు పడ్డాక కొత్త అనుమానం పుట్టింది. రోడ్డు మీద పోయే ప్రతివాడికీ రెండు చేతులు ఉన్నాయి, కొందరికి గంపలు కూడా ఉన్నాయి.

అప్పుడు అతని చూపు రోడ్డు వెంట దూరంగా ఉన్న ప్రభుత్వం కుప్పల మీద పడింది. అవి కూడా అదే తిప్ప గరుసు. రోడ్డు మరమ్మతుకు తెచ్చి నెలలుగా అక్కడే పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకంటే ప్రతి కుప్పనూ చదరంగా సర్ది, మీద అడ్డంగా సున్నపు గీత గీశారు. ఒక్క గంప తీసినా గీత చెదురుతుంది. ప్రభుత్వం చేసిన పనుల్లో తెలివైన పని ఓబుళరెడ్డి జీవితంలో అదొక్కటే చూశాడు.

ఉగాదికి గోడలకు కొట్టగా మిగిలిన సున్నం కుండలో ఉంది. కుప్పలన్నిటినీ చదరంగా సర్దించాడు. పాతగుడ్డ సున్నంలో ముంచి ప్రతి కుప్ప మీదా తనే గీత గీశాడు. ప్రభుత్వం గీతకన్నా తిన్నగా వచ్చింది.

ఆఖరు బండి తోలి వచ్చిన గఫూర్ అది చూసి ఎద్దులను నిలిపేశాడు. "రెడ్డప్పా, ఈ గీతలేంది? ఇవి ఓవర్సీరు కొలిచినాక..."

"ఏం, నీకు అడ్డమా?"

"నాకేం అడ్డమప్పా! నేను చెప్పేది ఏమంటే..."

"నువ్వేం చెప్పొద్దు. తాళం వద్దనేది ఎవడో నాకు తెలుసు."

గఫూర్ నోరు మూసుకున్నాడు. ఆ నోరు మూసుకోవడం ఆ ఊళ్ళో వింత.

గరుసు పరిచాక తొక్కించడానికి రాతి గుండు కావాలి. కళ్ళంలో తిప్పే గుండు నల్లదిన్నెలో నాలుగిళ్ళలో ఉంది. ఊళ్ళో వాడిని అడిగితే రేపు వాడు ఇంకేదో అడుగుతాడు. అందుకని మంగళవారం తెల్లవారగానే జమ్మలమడుగు నుంచి బాడుగ బండి తెప్పించుకుని సింహాద్రిపురం బయలుదేరాడు. అక్కడ బావమరిది ఉన్నాడు. బావమరిదిని నమ్మాడని కాదు. అతను దూరంగా ఉంటాడు, మళ్ళీ అడగడానికి రాలేడు.

పోయేముందు అక్కను పిలిచి కుప్పలు చూపించాడు. "గురవక్కా, నేను రేపు సాయంత్రానికి వస్తా. గఫూరుగాని మీద కన్నేసి పెట్టు. వాడు గానీ వాని బండి గానీ ఈ కుప్పల దరిదాపులకు వస్తే తరుము."

"వాడు తెచ్చి పోసినాడు గదరా, మళ్ళా వాడే ఎత్తుకపోతాడా?"

"తెచ్చినోనికే తోవ తెలుస్తుంది."

గురవమ్మ అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా గఫూర్ రాలేదు. మధ్యాహ్నం తర్వాత రోడ్డు పని మనుషులు వచ్చారు. ముందు గొడుగు, గొడుగు కింద టోపీ, టోపీ కింద కొత్త ఓవర్సీరు ఆదినారాయణ. తెనాలి వైపు మనిషి. ఈ జిల్లాకు బదిలీ అయి నెల కాలేదు. ముందున్న ఓవర్సీరు అప్పజెప్పిన లెక్క ప్రకారం రోడ్డు మీద ఉండవలసిన కుప్పలు ఎక్కడ వెతికినా తక్కువ పడుతున్నాయి. కాంట్రాక్టరు మింగాడని అతని అనుమానం. మూడు రోజులుగా అదే అనుమానంతో రోడ్డు కొలుస్తున్నాడు. నల్లదిన్నె దగ్గర, సున్నపు గీతలతో, సైనికుల్లా బారు తీరిన కుప్పలు కనిపించేసరికి అతని కళ్ళు చెమ్మగిల్లాయి. పాపం కాంట్రాక్టరును నిష్కారణంగా తిట్టుకున్నానే అని బాధపడి, వెంటనే పరచమన్నాడు.

గురవమ్మ చూస్తూనే ఉంది. తమ్ముడు ఏ పనీ ఇంట్లో చెప్పి చేయడు. పరచడానికి మనుషులను కూడా చెప్పకుండానే పిలిపించాడనుకుంది. వాళ్ళు ముందు రోడ్డు మీద పరుస్తున్నారంటే రోడ్డు చివరనుంచి ఇంటివైపు వస్తారు కాబోలు. కుండలో మజ్జిగ కలిపి తీసుకుపోయి అందరికీ పోసింది.

"దొరగారూ, ఆ తుమ్మచెట్టు చాటున ఇంకా మూడు కుప్పలు ఉండాయి. మర్చిపోయేరు" అని చూపించింది కూడా.

"చాలా ఉపకారం చేశారమ్మా" అన్నాడు ఓవర్సీరు.

అప్పుడే గఫూర్ తిప్ప వైపు నుంచి ఖాళీ బండితో వస్తూ ఇది చూశాడు. బండి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "సార్! సార్! ఆ గరుసు..."

అతని నోట ఇంకో మాట రాకముందే వీపు మీద చీపురు పొరక పడింది. గురవమ్మకు అరవై ఏళ్ళు. చెప్పిన పని చేసే మనిషి.

"అక్కా! నా మాట ఇను! మీ గరుసంతా పోతాండాది!"

"నీ పొగరు అణిగిపోను! నువ్వు వస్తావని చెప్పనే చెప్పినాడు మా ఓబుళు! పో ఈడనుంచి!"

"అబ్బా! ఆ టోపీ ఆయన్ను కొట్టక్కా, నన్నెందుకు కొడతావు?"

గురవమ్మ అతన్ని ఊరి మొదటి ఇంటి దాకా తరిమింది. ఈ ఊళ్ళో ప్రభుత్వపు పనికి ఇంత మద్దతు ఉంటుందని ఓవర్సీరు అనుకోలేదు. పొద్దు వాలేసరికి నలభై బండ్ల గరుసూ రోడ్డులో కలిసింది.

బుధవారం సాయంత్రం ఓబుళరెడ్డి రాతి గుండుతో తిరిగి వచ్చాడు. ఊరు దగ్గరపడుతుంటే చక్రాల కింద రోడ్డు మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా సాగింది. "పరవాలేదే, ఈ ప్రభుత్వం కూడా ఒక్కచోట బాగా వేసింది" అనుకున్నాడు. ఇల్లు వచ్చింది. గీతలు లేవు. కుప్పలు లేవు.

"గురవక్కా! నిన్ను దేన్ని చూడమన్నా?"

"గఫూరును చూడమన్నావు. చూసినా. తరిమినా."

"వాడొచ్చినాడా?"

"రాకేం! చేతులు ఊపుకుంటా, అరుచుకుంటా వచ్చినాడు."

మిగతాది అతను వినలేదు. ముల్లుకర్ర తీసుకుని గఫూర్ ఇంటికి నడిచాడు. గఫూర్ గుమ్మంలో బోర్లా పడుకుని ఉన్నాడు. అతని భార్య వీపుకు ఆముదం రాస్తోంది.

"నా గరుసు యాడరా?"

గఫూర్ తల ఎత్తకుండానే అన్నాడు. "ఇప్పుడు నువ్వు దాని మీద నడిచే వచ్చినావు రెడ్డప్పా."

తర్వాత జరిగిందంతా చెప్పాడు. ఓబుళరెడ్డి సగం నమ్మాడు. నమ్మిన సగం గఫూర్ మంచితనం వల్ల కాదు. వీపు మీద పొరక పుల్లల గీతలు తిన్నగా కనిపిస్తున్నాయి, అవి గురవమ్మ చేతివే.

అక్కడి నుంచి నేరుగా జమ్మలమడుగు బంగళాలో మకాం పెట్టిన ఓవర్సీరు దగ్గరికి పోయాడు.

"దయచేయండి రెడ్డిగారూ, కూర్చోండి" అన్నాడు ఆదినారాయణ. గారు అన్నవాడిని ఓబుళరెడ్డి అంతకుముందు కూడా ఎన్నడూ నమ్మలేదు.

"నల్లదిన్నె కాడ మీరు పరిచిన గరుసు నాది."

"మీదని గుర్తేమిటండీ?"

"గుర్తు లేకేం! ప్రతి కుప్ప మీదా సున్నపు గీత ఉండాది. నా చేత్తో నేనే గీసినా."

ఓవర్సీరు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "రెడ్డిగారూ, సున్నపు గీత ప్రభుత్వం కొలత గుర్తండీ. అది మీరు గీశారంటే నేరం. గీయలేదంటే గరుసు మీది కాదు. రెండింటిలో ఏది రాసుకోమంటారు?"

ఓబుళరెడ్డి ఆలోచించాడు. ఈ వ్యవహారంలో అనుమానించడానికి ఇంకెవరైనా మిగిలారా అని వెతికాడు. ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడి పేరు బయటికి చెప్పదలచుకోలేదు. లేచి, ఒక్క మాట కూడా అనకుండా బయటికి నడిచాడు.

అతను వెళ్ళాక ఓవర్సీరుకు కాఫీ చేదైంది. బదిలీ మీద వచ్చేటప్పుడు తెనాలిలో ఒక పెద్దాయన చెప్పి పంపాడు. "కడప జిల్లాలో అరిచేవాడితో భయం లేదోయ్. మాట్లాడకుండా లేచిపోయేవాడితోనే భయం." ఈ మనిషి మాట్లాడకుండా లేచిపోయాడు. చేతిలో ముల్లుకర్ర కూడా ఉంది. ఎవరి గరుసైతేనేం, గొడవ ఎక్కువ దూరం పోకముందే సర్దుకోవడం మంచిదనుకున్నాడు. రోడ్డు కింది భాగంలో ఉన్న ప్రభుత్వం కుప్పల్లోంచి అంతే గరుసు పొద్దున్నే నల్లదిన్నె రెడ్డి బాటలో పరిచి రమ్మని మనుషులకు చెప్పాడు. ఎందుకని అడిగినవాళ్ళకు జవాబు చెప్పొద్దన్నాడు.

గురువారం తెల్లవారుజామున ఒక జల్లు కొట్టింది. ఓబుళరెడ్డి గడపలో కూర్చుని నల్లగా నిగనిగలాడుతున్న బురదను చూస్తున్నాడు. రాతి గుండు పక్కన పనిలేకుండా పడి ఉంది. ఇంతలో రోడ్డు మీద బండ్లు ఆగాయి. మనుషులు దిగి, రోడ్డు వైపు నుంచి బాటలో గరుసు పోసి చకచకా పరచసాగారు. పోసిన గరుసు మీద బండ్లు ముందుకు, ఇంటివైపు వస్తున్నాయి.

గురవమ్మ సంబరంగా బయటికొచ్చింది. "అబ్బ, వచ్చినారు! మజ్జిగ కలుపుతా ఉండండి."

ఓబుళరెడ్డి లేచి నిలబడ్డాడు. "ఎవరు పంపినారు మిమ్మల్ని?"

"ఓవర్సీరు సారు."

"ఎందుకు?"

"చెప్పొద్దన్నాడప్పా."

అంతే, అతనికి అంతా తెలిసిపోయింది. రాత్రి నేరం అన్నవాడు పొద్దున గరుసు పంపుతాడా? ఇది ఎర. బండ్ల మీది గరుసులో ఇంకా సున్నం మరకలు కనిపిస్తున్నాయి. ప్రభుత్వపు గరుసు తన గడపలో పడుతుంది, వెనకే జీపు వస్తుంది, ఊరందరి ముందూ తనను ఎక్కించుకుపోతారు. సరిగ్గా వియ్యపురాలు వచ్చే రోజు చూసి పెట్టిన ముహూర్తం.

"ఎత్తండి!" అని అరిచాడు.

"ఏందప్పా?"

"ఎత్తండి దాన్ని! పరిచిందంతా ఎత్తి బండ్లలో పోయండి!"

"ఓబుళూ, నీకేమన్నా పిచ్చిపట్టిందా?" అంది గురవమ్మ. "నడిచొచ్చిన గరుసును వెనక్కి తోలుతావేందిరా?"

"నీకు తెల్దు, నువ్వు లోపలికి పో. రేయ్, ఆ మూల రాళ్ళు ఎవరు ఎత్తుతారు? మీ నాయనొచ్చి ఎత్తుతాడా?"

ముల్లుకర్ర గాలిలో తిరుగుతుంటే మనుషులు గంపలు తీశారు. పరచడానికి పట్టిన దానికి రెండింతల సేపు ఎత్తడానికి పట్టింది. బురదలో దిగిన గులకలను ఓబుళరెడ్డి వంగి తన చేత్తోనే ఏరాడు. పంచె మోకాళ్ళదాకా నల్లబడింది. ఊరు ఊరంతా రోడ్డు మీద గుమిగూడింది. ఆఖరి బండి కదులుతుంటే దాని మీదికి పిడికెడు రాళ్ళు విసిరి గట్టిగా, ఎక్కడో నక్కి ఉన్న జీపుకు కూడా వినపడేలా చెప్పాడు. "ప్రభుత్వపు సొమ్ము ఒక్క గులకరాయి గూడా నా గడప తొక్కగూడదు! మీ సారుకు చెప్పండి!"

గుంపు వెనకాల కారు హారను మోగింది. జీపు అనుకుని అతను అదిరిపడ్డాడు. కారు. అందులో వనజమ్మ కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో ఎవరూ చూడలేదు.

ఆమె ప్రొద్దుటూరు నుంచి బయలుదేరేటప్పుడు మొగుడితో చెప్పి వచ్చింది. ఆ వియ్యంకుడు బాట వేసి ఉంటే ఎవరి సొమ్ముతోనో వేసి ఉంటాడని, ఆ సంగతి కనిపెట్టే వస్తానని. ఇప్పుడు కారు దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కొత్త గరుసు రోడ్డు అంచున నిలబడింది.

"అన్నా, సర్కారోళ్ళు ఇంటికి తెచ్చి పోస్తే వద్దన్నావా?"

ఓబుళరెడ్డి చేతుల బురద పంచెకు తుడుచుకున్నాడు. అవునంటే ఒక చిక్కు, కాదంటే ఇంకో చిక్కు.

"మా ప్రొద్దుటూరులో రోడ్డు పక్కనుండే ప్రతి ఇంటి మెట్టూ సర్కారు రాయే. అడిగే దిక్కు లేదు. నువ్వేమో బురదలో వంగి గులకలు ఏరి ఇస్తివి. నా కళ్ళతో చూసినా గాబట్టి సరిపోయింది, ఎవురన్నా చెప్పింటే నమ్మేదాన్ని గాదు."

ఇంత మెచ్చుకోలు వెనక ఏముందా అని ఓబుళరెడ్డి ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ కనిపించలేదు. అది ఇంకా అనుమానంగా ఉంది.

"పిల్లను నీ ఇంటికి పంపడానికి నాకు మనసొప్పింది" అంది వనజమ్మ. "అయితే కారు మాత్రం గడప కాడికి రావల్సిందే. ఆ మాట మాటే. ఆ బురద మనిషి మంచోడా చెడ్డోడా అని చూడదు. పున్నమి దాకా గడువిస్తాండా."

కారు వెనక్కి తిరిగి కొత్త రోడ్డు మీద మెత్తగా వెళ్ళిపోయింది.

పున్నమి దగ్గరపడుతోంది. మబ్బు రోజూ కొండల మీద కూర్చుని చూస్తోంది. తిప్ప మీద గరుసు ఉంది, తోలడానికి బండ్లు లేవు. ఓబుళరెడ్డి పిలిస్తే ఒకడి ఎద్దుకు కాలు నొప్పి, ఒకడి బండికి ఇరుసు నొప్పి. కర్ర గుచ్చించుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. గురవమ్మ రోజూ పొద్దున లేచి బురదను చూసి, "ఆ పిల్ల అమ్మ గూడా ఇట్లే చూసేది" అని ఒక్క మాట అని లోపలికి పోయేది.

వనజమ్మ వచ్చిపోయిన నాలుగో రోజు ఓబుళరెడ్డి గఫూర్ ఇంటికి నడిచాడు. ముల్లుకర్ర ఇంట్లోనే పెట్టి వచ్చాడు. గుమ్మం ముందు నిలబడ్డాడు. గఫూర్ ఎద్దులకు చొప్ప వేస్తున్నాడు. చూశాడు, పలకరించలేదు. ఇంకో కట్ట విప్పి వేయసాగాడు.

"నలభై ఒకటి" అన్నాడు ఓబుళరెడ్డి.

గఫూర్ చేతిలో చొప్ప ఆగింది. "ఏందప్పా?"

"ఇనపడలేదా? నలభై ఒకటి. పొద్దున్నే మొదలుపెట్టు."

"కర్ర?"

"యాడనో పోయింది."

మరునాటి నుంచి గఫూర్ తోలాడు. అతన్ని చూసి మిగిలిన వాళ్ళ ఎద్దుల కాళ్ళు కూడా నయమయ్యాయి. ఈసారి కుప్పలు పెట్టలేదు, గీతలు గీయలేదు. వచ్చిన గరుసు వచ్చినట్టు బాటలో పరిచారు. సింహాద్రిపురం గుండు దాని మీద ముందుకు వెనక్కి తిరిగింది. ఓబుళరెడ్డి అరుగు మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. నలభై బండ్లతో బాట రోడ్డు నుంచి గడప దాకా సరిగ్గా నిండింది. ఎక్కడా తక్కువ పడలేదు.

గఫూర్ ఇంకో బండి తెచ్చాడు.

ఓబుళరెడ్డి లేచి వచ్చాడు. నిండిన బాటలో ఈ బండి ఎక్కడ పోస్తాడో చూడాలి. గఫూర్ గడప దాకా రాలేదు. రోడ్డు నుంచి కొంచెం లోపలికి వచ్చి ఒకచోట ఎద్దులను నిలిపాడు. పారతో అక్కడ పరిచిన గరుసును పక్కకు లాగాడు. కింద మట్టిని పలుగుతో తవ్వాడు. పలుగు సులువుగా దిగింది. తవ్వేకొద్దీ పాత గుంత ఒకటి బయటపడింది.

"పైన మట్టి పూడిపోయి కనపడదు రెడ్డప్పా" అన్నాడు గఫూర్, తల ఎత్తకుండా. "కారు బరువుకు ఈడ దిగుతుంది. ఆ దినం నా బండి దిగింది ఈడనే. ఈ బండి నీ లెక్కలోది గాదు. నాది."

గరుసంతా ఆ గుంతలో పోశాడు. గట్టిపడేదాకా దిమ్మిసతో కొట్టాడు. పైన పక్కకు లాగిన గరుసు మళ్ళీ పరిచాడు. ఎద్దులను తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ బండికి ఓబుళరెడ్డి వేలు మడవలేదు.

పున్నమికి ముందురోజు వాన దంచికొట్టింది. పున్నమినాడు కారు రోడ్డు దిగి, బాటలో నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి గడప ముందు ఆగింది. కృష్ణమ్మ దిగింది. కాలికి బురద అంటలేదు. గురవమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసి పారబోసింది. వనజమ్మ బాటను ఆ చివరినుంచి ఈ చివరి దాకా చూసి, "శానా బాగా వేసినావన్నా. ఎవురు తోలినారు?" అని అడిగింది.

"బాట సంగతి నా కాడ ఎత్తొద్దమ్మా" అన్నాడు ఓబుళరెడ్డి.

కారు వెళ్ళిపోయాక, రోడ్డు మీద ఎవరూ లేకుండా చూసుకుని, అతను ఇంట్లోంచి ముల్లుకర్ర తెచ్చాడు. గఫూర్ పూడ్చిన చోట నిలువునా గుచ్చాడు. కర్ర దిగలేదు, గుంత నిండుగానే ఉంది. ఈ సంగతి అతను ఎవరితోనూ మాట్లాడలేదు, ఇక మాట్లాడడు.